ఇరవై ఏడో స్తంభం దగ్గర కుదుపు

సీజను ఏడో రోజు

పొద్దున్న 10:45కి జెర్రిపోతును ఆపాను. పదకొండు నిమిషాలు. కారణం రాయాల్సిన గడిలో "అనుమానం" అని రాశాను. మేనేజర్ ఫణికుమారి గారికి ఆ మాట నచ్చదని తెలుసు. అంతకన్నా నిజమైన మాట నాకు దొరకలేదు.

జెర్రిపోతు మా కొత్తరేవు పార్కులో అన్నిటికన్నా పెద్ద రోలర్ కోస్టర్. సగం ఒడ్డు మీద, సగం సముద్రంలో పాతిన స్తంభాల మీద ఉంటుంది. ఇరవై నలుగురిని గొలుసు ముప్ఫై ఎనిమిది మీటర్ల ఎత్తుకి లాక్కెళ్లి వదిలేస్తుంది. అక్కణ్ణించి ఒక దిగుడు, నీళ్ల మీదుగా మూడు మలుపులు, మళ్లీ స్టేషను. మొత్తం నాలుగు నిమిషాలు. పన్నెండేళ్లుగా దీన్ని నడుపుతున్నది నేనే. పేరు గరికిన నూకరత్నం. ఆపరేటరు తన చేత్తో రోజువారీ పుస్తకం రాయాలని రూలు ఉంది కాబట్టి రాస్తున్నాను.

అనుమానం ఎందుకంటే, అరుపు తెగింది. ఇన్నేళ్లు ఇక్కడ కూచున్నాక జనం అరుపులు నాకు పాఠంలా వచ్చేశాయి. దిగుడులో గుక్క తిప్పుకోకుండా అరుస్తారు. మొదటి మలుపులో గొంతు పలచబడుతుంది. రెండో మలుపులో నవ్వులు మొదలవుతాయి. ఇవాళ మూడో మలుపులో, సముద్రం వైపు చిట్టచివర ఇరవై ఏడో స్తంభం దగ్గర, ఇరవై నలుగురి గొంతులూ ఒక్కసారి తెగి మళ్లీ అతుక్కున్నాయి. గతుకులో బండి పడితే మాట్లాడేవాడి మాట తెగుతుందే, అలాగ.

పట్టాలు చూసే అప్పలసూరి బాబాయ్ పైకెక్కి వచ్చాడు.

"ఏటీ నేదమ్మీ. ఒక్క బోల్టు కూడా వదులు నేదు."

దిగి వచ్చినవాళ్లని, కుదుపు తెలిసిందా అని అడిగాను. అప్పటికే బయటి గేటు దాటేశారు, ఏ గాభరానీ తెలియనివ్వని నెమ్మది బిళ్ళలు చెవి వెనక మళ్లీ పనిచెయ్యడం మొదలెట్టాయి. అందరూ ఒకేలా నవ్వి, బాగుందండీ అన్నారు.

సీజను ఎనిమిదో రోజు

11:30కి మళ్లీ తెగింది. మళ్లీ ఆపాను. మళ్లీ ఏమీ దొరకలేదు.

మధ్యాహ్నం ఒకతను వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, ఒంటరిగా. లోపలి గేటు దాటగానే అందరికీ నెమ్మది బిళ్ళ ఆగిపోతుంది కదా, ఆ క్షణంలో ముఖాలు మారిపోవడం నేను రోజూ చూసేదే. కొందరు చేతులు రుద్దుకుంటారు. కొందరు పక్కవాళ్లని గట్టిగా పట్టుకుంటారు. ఇతను సీట్లో కూచుని, బండి కదలకముందే ఏడవడం మొదలెట్టాడు.

దిగుతారా అని అడిగాను.

"వద్దండీ. అమ్మ పోయి నెలైంది. ఇంట్లో ఏడుద్దామంటే రావట్లేదు. నాలుగు నిమిషాలు చాలు, పోనివ్వండి."

పోనిచ్చాను. అతనే ఇవాళ మూడుసార్లు ఎక్కాడు.

భయం కొనుక్కోడానికి వస్తారని పార్కు బోర్డు మీద రాశారు గానీ, బిళ్ళ ఆగాక లోపల ఏది దాచిపెట్టి ఉంటే అదే బయటికొస్తుంది. చిన్నప్పటి నుంచీ బిళ్ళతోనే బతికినవాళ్లకి అదేమిటో పేరు కూడా తెలీదు. నాకు తెలుసు. ఆపరేటర్లకి బిళ్ళ పెట్టకూడదని పాత చట్టం. భయం తెలియనివాడు బ్రేకు దగ్గర కూచోకూడదట. అందుకే ఈ పార్కులో పనిచేసే నూట అరవై మందిలో రోజంతా గాభరా పడేదాన్ని నేనొక్కదాన్నే.

సీజను తొమ్మిదో రోజు

12:25కి ఆపాను. ఈసారి సూరి బాబాయ్ పైకెక్కడానికి ఐదు నిమిషాలు కూడా తీసుకోలేదు. గబగబా ఎక్కాడు, గబగబా దిగాడు.

ఈ మనిషే నాకు పని నేర్పాడు. అప్పట్లో ఒక్కో స్తంభం దగ్గరా అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. బండి మీదనుంచి పోయేదాకా కదిలేవాడు కాదు. "సెయ్యి నమ్మితే సాలదు, సెయ్యి బెదిరిందా నేదా సూడాల" అనేవాడు. రెండేళ్ల కిందట పిన్ని గౌరమ్మ పోయింది. ఆ రోజే చెవి వెనక బిళ్ళ పెట్టించుకున్నాడు. మర్నాడు డ్యూటీకి వచ్చాడు. అప్పటినుంచీ చెయ్యి ఆనించడం మానేశాడు. బోల్టులు మటుకు సరిగ్గానే చూస్తాడు, లెక్క తప్పడు.

"బాబాయ్, నీకు నిజంగా ఏమీ అనిపించలేదా?"

"ఏటనిపించాలమ్మీ?" అన్నాడు. ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు.

సీజను పదకొండో రోజు

నిన్న 1:15కి, ఇవాళ 2:05కి. ఇవాళ తెగింది చాలా సన్నగా. అయినా ఆపాను.

ఫణికుమారి గారు పిలిచారు. నన్ను కూచోబెట్టి, మంచినీళ్లిచ్చి, చాలా మర్యాదగా మాట్లాడారు.

"రత్నం గారూ, ఐదు రోజుల్లో ఐదుసార్లు ఆపారు. స్తంభాల్లో ఊగుడు కొలిచే తొంభై యంత్రాలు ఒక్కసారి కూడా తప్పు చూపించలేదు. మీకు నిద్ర పడుతోందా?"

పట్టట్లేదని చెప్పాను. అబద్ధం చెప్పి ఉండాల్సింది.

"మిమ్మల్ని తప్పు పట్టట్లేదు. ఒక మనిషిని ఇన్నేళ్లు భయంతో వదిలేయడం మా తప్పు. చట్టం మారింది, తెలుసుగా. ఇకనుంచి ఆపరేటర్లకి కూడా బిళ్ళ ఇవ్వొచ్చు. పౌర్ణమి సెలవుకి రెండు వేలమంది వస్తారు. ఆలోపు పెట్టించుకోండి."

"పెట్టించుకోకపోతే?"

"ప్యానెల్ దగ్గర వేరేవాళ్లని కూచోబెడతాను."

ఆవిడ కోపంతో అనలేదు. బిళ్ళ ఉన్నవాళ్లకి కోపం రాదు. ఆ మాట విని నా చేతులు వణికితే, నీళ్ల గ్లాసు దూరంగా జరిపారు, ఒలుకుతుందని.

సీజను పద్నాలుగో రోజు

మూడు రోజులుగా ఏమీ లేదు. అరుపులు అతుకు లేకుండా వస్తున్నాయి. ఒక్కసారి కూడా ఆపలేదు.

సంతోషించాలి. ఇదే ఎక్కువ బాధగా ఉంది. తప్పు పట్టాలది కాకపోతే నాదే కదా. అన్నం తింటూ చెంచా కంచానికి తగిలితే ఉలిక్కిపడుతున్నాను. నిన్న బస్సులో, డ్రైవరు బ్రేకు వేస్తే నా కుడికాలు నేలని తొక్కింది. బస్సంతా నిమ్మళంగా ఉంది. నా వైపు చూసిన ఇద్దరు ఆడవాళ్ల కళ్లలో జాలి.

సీజను పదిహేడో రోజు

బిళ్ళ తెచ్చుకున్నాను. పార్కు క్లినిక్‌లో చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చారు. కందిగింజంత ఉంది. రేపు పొద్దున్న పెట్టించుకుంటానని సంతకం చేశాను.

మధ్యాహ్నం బండి ఖాళీగా ఉన్నప్పుడు ఈ పుస్తకం మొదటినుంచీ తిరగేశాను. బిళ్ళ పెట్టుకున్నాక ఇలా రాయను కదా, ఒకసారి చదువుకుందామని. ఆపిన టైములు వరసగా కనిపించాయి. 10:45. 11:30. 12:25. 1:15. 2:05. ఒక్కో రోజు ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతోంది.

మా అమ్మ పడవల ఇంటిది. రోజుకి రెండు గడియలు ఆలస్యంగా వచ్చేది ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పోటు. సముద్రం నిండుగా ఎక్కే వేళ. ఏడో రోజుకి ముందురోజు అమావాస్య. అప్పుడు పోట్లు పెద్దవి. నడిమి రోజుల్లో, సప్తమి అష్టమికి, నీళ్లు అంతగా ఎక్కవు. అందుకే పన్నెండో రోజు నుంచి ఏమీ వినపడలేదు. బాబాయ్ పట్టాలు చూసేది రోజూ పొద్దున్న ఆరింటికి. పెద్ద పోటు ఉన్న రోజుల్లో ఆరింటికి నీళ్లు సగానికే ఉంటాయి. నేను ఆపినప్పుడు ఎక్కినా, అప్పుడు పట్టా మీద బండి కదలదు.

పౌర్ణమి ఇరవై ఒకటో రోజు. పోటు పొద్దున్న పదింటికి. గేట్లు తీసిన గంటకి.

బిళ్ళ డబ్బా సొరుగులో పడేసి తాళం వేశాను.

సీజను పద్దెనిమిదో రోజు

పుస్తకం పట్టుకెళ్లి ఫణికుమారి గారికి చూపించాను. ఆవిడ శ్రద్ధగానే చదివారు.

"పోటు సంగతి యంత్రాలకి తెలుసు రత్నం గారూ. నీళ్లు ఎక్కినప్పుడు స్తంభాలు కొంచెం ఊగుతాయి. ఆ ఊగుడు మామూలేనని వాటికి నేర్పించాం."

"ఊగుడు ఎక్కువైతే?"

"మెల్లమెల్లగా ఎక్కువైతే అదీ నేర్చుకుంటాయి."

ఆ మాట అన్నాక ఆవిడ ఒక్క క్షణం ఆగారు. అందులో ఏదో ఉందని బుర్రకి అందింది. కానీ దాన్ని ముందుకి తొయ్యడానికి ఆవిడ లోపల ఏదీ లేదు. పుస్తకం మూసి ఇచ్చారు. బిళ్ళ పెట్టుకోనని చెప్పాను. ఇరవై ఒకటో రోజు నుంచి ప్యానెల్ దగ్గర తనే కూచుంటానన్నారు.

సాయంత్రం షెడ్డులో బాబాయ్ దగ్గరికి వెళ్లాను. అరచేతులకి గ్రీజు పూసుకుని చక్రాలు తుడుస్తున్నాడు.

"బాబాయ్, ఒక్కసారి బిళ్ళ తీసి ఇరవై ఏడు దగ్గర చెయ్యి పెట్టు. పోటు వేళ."

"తీస్తే పూర్తిగా దిగడానికి రెండ్రోజులు పడతాది."

"పౌర్ణమికి మూడు రోజులుంది."

తుడవడం ఆపాడు. "నువ్వడిగేది ఏటో నీకు తెల్దమ్మీ. గౌరి పోయిన్నాడు నేను ఒక్క సుక్క కార్చనేదు. పాడె మోసేటప్పుడు కూడా బరువు సరిగ్గా పడిందా నేదా అనే సూసుకున్నాను. దాని సెల్లి ముత్యాలు, బిళ్ళ ముట్టని మనిషి, అందరి ముందూ నా మొకం మీదే అంది, నువ్వు మనిషివి కాదు బావా అని. అప్పుడూ నాకేటీ అనిపించనేదు. ఇప్పుడు తీస్తే అదంతా ఒక్కసారే వస్తాది."

అడిగినందుకు సిగ్గేసింది. అయినా లేచి వెళ్లిపోలేదు. రెండువేలమంది, పదింటి పోటు, అదే తలలో తిరుగుతోంది.

"వస్తుంది బాబాయ్. నేను పక్కన ఉంటాను," అన్నాను.

సీజను ఇరవయ్యో రోజు

నిన్న పొద్దున్న బాబాయ్ చెవి వెనక చిన్న దూది ముక్కతో వచ్చాడు. బిళ్ళ తీయించేసుకున్నాడు.

ఇవాళ పట్టాలెక్కలేకపోయాడు. నాలుగో మెట్టు మీద కూచుండిపోయాడు. రెండు చేతులూ కడ్డీకి చుట్టుకుని, తల దానికి ఆనించి ఏడిచాడు. నేను కింది మెట్టు మీద కూచున్నాను. గౌరమ్మ పిన్నికి చివరి రోజుల్లో చింతకాయ పచ్చడి తినాలనిపించిందట. డాక్టరు వద్దన్నాడని పెట్టలేదట. అదొక్కటే పదేపదే చెప్పాడు. పక్కనుంచి స్వీపర్లు, టిక్కెట్ల అమ్మాయిలు నడిచి వెళ్లారు. దెబ్బ తగిలిందా అని ఒకరు అడిగారు.

9:10కి బండి ఆపాను. ఇవాళ అరుపు తెగడం కాదు, విరిగింది. ప్యానెల్ మీద దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి. ఏడు నిమిషాల్లో ఫణికుమారి గారు వచ్చి మళ్లీ నడిపించారు. రేపటి నుంచి నాకు ప్యానెల్ లేదు.

సీజను ఇరవై ఒకటో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తొమ్మిదీ నలభైకి నేనూ బాబాయీ నీళ్ల మీదున్న చెక్కబాట వెంట ఇరవై ఏడో స్తంభం దగ్గరికి వెళ్లాం. చెక్కలకి జానెడు కిందనే నీళ్లు. బాబాయ్ ముఖం పాలిపోయి ఉంది. ఇన్నేళ్లూ నడిచిన బాటని చూసి, "ఇది ఇంత సన్నగా ఉందేటి" అన్నాడు.

స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. బండి వచ్చింది. మీదనుంచి పోయింది. చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"మళ్లీ రానీ."

ఈసారి చెక్కల మీద బోర్లా పడుకుని స్తంభం అడుగు చూశాడు. బండి మలుపు తిరిగేటప్పుడు అడుగున ఉన్న ఇనుపపలక ఒక వైపు లేచింది. దాని కిందనుంచి నీళ్లు చిమ్మాయి. నేను పైకి చూస్తున్నాను. పట్టా అతుకు దగ్గర బొటనవేలు దూరేంత సందు విచ్చుకుని, బండి పోగానే మూసుకుంది.

"ఆపించమ్మీ," అన్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "తొరగా ఆపించు."

వాకీటాకీలో చెప్పాను. ఫణికుమారి గారి గొంతు నిదానంగా వచ్చింది. "ఇక్కడ అంతా పచ్చగానే ఉంది రత్నం గారూ. లైను చాలా పెద్దదిగా ఉంది. ఇంకో రెండు రౌండ్లు అయ్యాక చూద్దాం."

ఒడ్డు వైపు గొలుసు టకటకలాడడం మొదలైంది. తర్వాతి బండి ఎక్కుతోంది.

పరిగెత్తాను. చెక్కబాట నూట యాభై అడుగులు, తర్వాత ఇసుక. గొలుసు బండిని పైకి లాగే ఎత్తు మొదట్లో ఎర్ర మీట ఉంటుంది. ప్యానెల్‌తో పని లేకుండా గొలుసుని ఆపేస్తుంది. పన్నెండేళ్లలో దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. రెండు చేతులతో గుద్దాను.

బండి మూడొంతుల ఎత్తులో ఆగింది.

అప్పుడు గుర్తొచ్చింది. పైనున్న ఇరవై నలుగురికీ బిళ్ళలు ఆగి ఉన్నాయి. బయటి గేటు దాటితే తప్ప మళ్లీ పనిచెయ్యవు. నాలుగు నిమిషాలు తట్టుకుందామని ఎక్కినవాళ్లు.

సీటు కడ్డీల తాళంచెవి తీసుకుని పట్టా పక్కనున్న మెట్లెక్కాను. వెనకాల బాబాయ్ వస్తున్నాడు, ఒక్కో మెట్టుకీ కడ్డీ పట్టుకుని. వరసకి ఇద్దరు చొప్పున, కింది వరస నుంచి కడ్డీలు తీసుకుంటూ వెళ్లాం. ఒక్కొక్కరినీ మెట్ల మీదికి దింపి, ముందున్నవాళ్ల భుజం పట్టుకోమన్నాం. ఒక పిల్లాడు వాంతి చేసుకున్నాడు. ఒకాయన తన పక్కన కూచున్న ఎవరో తెలియని ముసలాయన చెయ్యి వదలనన్నాడు. ఇద్దరినీ కలిపే దింపాం. కింద లైనులో రెండు వేలమంది ఎండలో నిమ్మళంగా నిలబడి మొక్కజొన్న పొత్తులు తింటున్నారు. మళ్లీ ఎప్పుడు మొదలవుతుందని ఎవరో కేకేసి అడిగారు.

మొదటి వరసలో చివరగా ఒకావిడ మిగిలింది. యాభై ఏళ్లుంటాయి. కడ్డీ తీసినా దాన్ని వదల్లేదు.

"నేను దిగను. నాకు ఇలా ఎప్పుడూ అవలేదు. ఏం చెయ్యాలో తెలీట్లేదు."

"చెప్తాను. ముందు ఊపిరి వదలండి. మీ పేరేంటి?"

"సుందరీమణి."

"సుందరీమణి గారూ, ఇది భయం. చావదు, చంపదు. మీతోపాటు మెట్లు దిగుతుంది, అంతే."

"మీకు లేదా?"

"నా కాళ్లు చూడండి."

ఆవిడ చూసింది. మోకాళ్ల దగ్గర నా చీర అంచు దానంతట అదే ఊగుతోంది. కాసేపు అలాగే చూసి, ఒక చెయ్యి వదిలి నాకిచ్చింది. నూట పన్నెండు మెట్లు. ప్రతి మెట్టూ ఆవిడే పైకి లెక్కపెట్టింది.

మొత్తం నలభై ఏడు నిమిషాలు పట్టింది. మేం దిగేసరికి మిగతా ఇరవై ముగ్గురూ ఇసుక మీద కూచుని ఉన్నారు. బయటి గేటు పది అడుగుల్లో ఉంది. ఒక్కరూ దాటలేదు. చివరి మనిషి దిగేదాకా ఎవరూ చెప్పకుండానే ఆగారు. సుందరీమణి గారు ఇసుకలో అడుగు పెట్టగానే ముక్కూమొహం తెలియని నలుగురు ఆవిణ్ణి చుట్టేసుకున్నారు.

తర్వాత ఒక్కొక్కరే గేటు దాటారు. ఐదుగురు దాటలేదు. కంచె పక్కనుంచి, బిళ్ళలు ఆగి ఉండగానే, ఒడ్డు వెంట నడిచి వెళ్లిపోయారు. నేను చూశాను, పిలవలేదు. అది నా తప్పయితే ఇక్కడే రాసి ఉంది.

సీజను ఇరవై రెండో రోజు

బయటి ఊరి ఇంజనీరు వచ్చాడు. ఇరవై ఏడో స్తంభం అడుగున ఇసుక కొట్టుకుపోయి గొయ్యి పడింది. దాన్ని పట్టి ఉంచే నాలుగు బోల్టుల్లో రెండు నీళ్ల కింద తెగిపోయాయి. పైనుంచి చూసేవాళ్లకి కనపడవు. ఇంకా ఎన్ని రౌండ్లు ఆగేదని అడిగాను.

"పది అయినా కావచ్చు, వెయ్యి అయినా కావచ్చు. నేను మాత్రం ఎక్కను," అన్నాడు.

జెర్రిపోతుకి ఈ సీజను అయిపోయింది.

ఫణికుమారి గారు ఖాళీ స్టేషనులో నా పక్కన కూచున్నారు.

"నిన్న మీరు చెప్పింది నాకు వినపడింది రత్నం గారూ. అర్థం కూడా అయింది. కానీ అందులో తొందర ఉందని నాకు తెలీలేదు. ఇప్పుడు చెప్తున్నా కూడా తెలీట్లేదు." తన గొంతు తనే వింటున్నట్టు ఆగారు. "అది తప్పని మాత్రం తెలుస్తోంది. పై ఆఫీసుకి అలాగే రాశాను. ఆపరేటరుకి బిళ్ళ వద్దని కూడా."

సీజను ఇరవై ఆరో రోజు

డ్యూటీ లేదు. అయినా రాస్తున్నాను.

బాబాయ్ మళ్లీ బిళ్ళ పెట్టించుకోలేదు. నిన్న మా ఇంటికొచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "గంగవరప్పేటకి తోడొస్తావేటమ్మీ" అన్నాడు. అక్కడ గౌరమ్మ పిన్ని చెల్లెలు ముత్యాలు ఉంటుంది. రెండేళ్లుగా మాటల్లేవు.

ఇవాళ మధ్యాహ్నం బస్సులో వెళ్లాం. దారంతా చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ తీస్తూ ఉన్నాడు. రెండుసార్లు దిగిపోదామన్నాడు. మూడోసారి నిజంగానే లేచాడు. అదృష్టం, అప్పటికి ఊరొచ్చేసింది.

ముత్యాలు పెరట్లో చేపలు ఎండేస్తోంది. బక్కపలచటి మనిషి. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఎందుకొచ్చావు?" అంది.

బాబాయ్ ఏదో చెప్పబోయాడు. ముఖం మొత్తం కదిలిపోయింది. పెదాలు, గడ్డం, కళ్లు, దేన్నీ పట్టి ఉంచుకోలేకపోయాడు. ముత్యాలు చేతిలో చేప చేతిలోనే ఉండగా ఆ ముఖాన్ని చూసింది. లేచి దగ్గరికొచ్చి, చెయ్యెత్తి అతని చెవి వెనక వేళ్లతో తడిమింది. అక్కడ ఏమీ లేదు. ఇంకా మానని చిన్న గాయం తప్ప.

"ఇప్పుడా బావా," అంది. "ఇప్పుడా వచ్చినావు."

రెండు చేతులతో అతని గుండెల మీద కొట్టింది. కొడుతూ కొడుతూనే అక్కడే తల ఆనించేసింది. బాబాయ్ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

నేను బయటికొచ్చి వీధి అరుగు మీద కూచున్నాను. లోపల ఇద్దరూ గట్టిగా ఏడుస్తున్నారు. పక్కింటివాళ్లు తలుపు తీసి, ఏమైందో తెలియక, కాసేపు చూసి మళ్లీ వేసుకున్నారు. మూడున్నర బస్సు వచ్చింది, పోయింది. నాలుగున్నరది కూడా పోయింది. నేను లేవలేదు.